పేరింటి పెంగ్విన్లు

రెండు సంచికల క్రితం ఈ పేజీలోనే ఫాక్‌లాండ్ దీవుల గురించి రాశాను. 2019 జనవరిలో మేమిద్దరం అక్కడ రెండు వారాలు ఉండి వచ్చిన ముచ్చట్లు అవి. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి, పెంగ్విన్‌ను నల్లబల్ల మీద సుద్దముక్కతో గీయడమే తప్ప ఎన్నడూ ఎదురుగా చూడని మనిషిని నేను. ఆ ఆనందంలో కాస్త ఎక్కువే రాసినట్టున్నాను, ఉత్తరాలు సంచి నిండా వచ్చాయి. కొన్నింటికి ఇక్కడ జవాబులు. ‘ఖర్చెంత?’ అని ఒక్క ముక్కలో అడిగిన వారందరికీ కలిపి ఒకటే జవాబు: మా వారి పదవీ విరమణ డబ్బులో కంటికి కనిపించేంత ముక్క. అంతకు మించి చెబితే ఆయన ఊరుకోరు.

మేడమ్, నాకు 66 ఏళ్లు, మా ఆవిడకు 62. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ఓడలో వెళ్లడం మంచిదా, విమానంలోనా? ఎన్ని దీవులు చూడవచ్చు?
– ఒక విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

ముందు ఆ చోటు ఎంతదో చూడండి. దక్షిణ అమెరికా తీరానికి దాదాపు 480 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్న బ్రిటిష్ ఏలుబడి దీవులు. పెద్దవి రెండు, వాటి చుట్టూ చిన్నవి 700కు పైగా. అన్నీ కలిపితే మన పాత గుంటూరు జిల్లా కంటే కాస్త పెద్దవి. జనం మూడున్నర వేలు. గొర్రెలు మాత్రం లక్షల్లో.

ఓడల్లో రెండు రకాలున్నాయి. వేల మందితో వచ్చే పెద్ద ఓడ, ఆ దీవుల రాజధాని స్టాన్లీ రేవులో పొద్దున దించి సాయంత్రం ఎక్కించుకుంటుంది. ఆ రోజు ఊళ్లో ఊరివాళ్ల కంటే యాత్రికులే ఎక్కువ కనిపిస్తారు. రెండోది చిన్న ఓడ. ఫాక్‌లాండ్స్, సౌత్ జార్జియా, అంటార్కిటికా మూడింటినీ మూడు వారాల్లో తిప్పుతుంది. అందులో రోజూ ఊగే ఓడ మీంచి రబ్బరు పడవలోకి, పడవలోంచి చల్లటి నీళ్లలోకి కాలు పెట్టాలి. మీ మోకాళ్ల సంగతి మీకే తెలుసు.

మేము విమానంలో వెళ్లాం. చిలీ రాజధాని శాంటియాగో నుంచి పుంటా అరేనాస్ మీదుగా శనివారం నాడు ఒక విమానం ఉంటుంది. ఆ దారిలో వారానికి అదొక్కటే. అంటే దిగాక వారం రోజులు కదలడానికి లేదు. చాలామంది దీన్ని ఇబ్బంది అంటారు. నేను మాత్రం, మనవాళ్లను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదంటాను. బీమా తీసుకునేటప్పుడు జబ్బు చేస్తే అక్కడి నుంచి విమానంలో తరలించే ఖర్చు కూడా అందులో ఉందో లేదో చూసుకోండి.

దీవి నుంచి దీవికి ప్రభుత్వం వారి ఎర్రటి చిన్న విమానాలు తిరుగుతాయి. రేపు ఎవరు ఏ వేళకు ఎక్కాలో ముందురోజు సాయంత్రం రేడియోలో చదువుతారు. ఎక్కేముందు సంచులతో పాటు మనుషులనూ తూస్తారు. అందరూ చూస్తుండగా ధాన్యం కాటా మీద బస్తాలా నిలబడ్డాను. అంకె చూసిన అమ్మాయి ఏమీ అనలేదు, మా వారు మాత్రం దగ్గారు. నన్ను తీసుకెళ్లి పైలట్ పక్కన కూర్చోబెట్టారు. దిగేది గడ్డి మైదానంలో. విమానం వచ్చే వేళకు ఆ దీవి వాళ్లే జీపు వేసుకుని వచ్చి, నేల మీది గొర్రెలను, బాతులను అదిలించి, మంటలార్పే బండిని పక్కన పెట్టుకుని నిలబడతారు.

కింగ్ పెంగ్విన్లను చూడాలంటే వాలంటీర్ పాయింట్‌కు వెళ్లాలి. స్టాన్లీ నుంచి జీపులో ఇంచుమించు మూడు గంటలు. చివరి గంటకు పైగా రోడ్డన్నదే ఉండదు. వేల ఏళ్లుగా కుళ్లిన గడ్డీ గాదం పేరుకుని స్పంజిలా మారిన తడి నేల మీదే ప్రయాణం. మా జీపు రెండుసార్లు దిగబడింది. మీ ఆవిడను నడుముకు బెల్టు తెచ్చుకోమనండి. దిగాక మాత్రం నేల చదును, నడక తక్కువ.

అక్కడ తెల్లరాళ్లు వలయంగా పేర్చి ఉంటాయి. మనం వలయం బయట, అవి లోపల. గుడ్లు పెట్టే జంటలు పదిహేను వందల దాకా ఉంటాయి. గూడు ఉండదు. గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పైన పొట్ట చర్మపు మడతను కప్పి, పక్కదాని ముక్కు అందనంత దూరంలో నిలబడతాయి. ఆ దూరం ఎంత కచ్చితంగా ఉంటుందంటే, పరీక్ష హాలులో నేను బల్లలు వేయించినప్పుడు కూడా అంత సమంగా రాలేదు. మధ్యలో గోధుమరంగు ఉన్ని కోటు తొడుక్కున్నట్టు, తల్లిదండ్రుల కంటే లావుగా పోయినేటి పిల్లలు. తొలినాటి నావికులు వాటిని వేరే జాతి అనుకున్నారు. ఒక్క పిల్ల పెంపకానికి ఏడాది దాటుతుంది కాబట్టి పొదిగేవి, పెరిగేవి ఒకేచోట కనిపిస్తాయి.

ఎన్ని దీవులన్నారు. స్టాన్లీ కాక ఇంకొక్కటి. మేము సీ లయన్, సాండర్స్ అని రెండింటికి వెళ్లి, రెండోదానిలో ఇంకో రెండు రోజులు ఉండాల్సిందని వచ్చేవరకూ సణుక్కున్నాం.

వచ్చే డిసెంబరులో పెళ్లయ్యాక వెళ్లాలని అనుకుంటున్నాం. పెంగ్విన్‌కు ఎంత దగ్గరగా నిలబడి ఫోటో దిగవచ్చు? పట్టుకోనిస్తారా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

పట్టుకోనివ్వరు. ఆ ఆలోచన ఇక్కడే వదిలేసి బయలుదేరండి. ఫాక్‌లాండ్స్‌లో ఆరు మీటర్లు ఎడం ఉండాలి. ఆరు మీటర్లంటే మీ కాబోయే ఆవిడ చీర పరిచి చూసుకోండి, దాని కంటే కొంచెం ఎక్కువ. సౌత్ జార్జియాలో, అంటార్కిటికాలో అయిదు.

నేను చేసిన తప్పు చెబుతాను. సీ లయన్ దీవిలో మొదటి రోజు కెమెరా పట్టుకుని ఇసుక తిన్నె పక్కన నిలబడ్డాను. సముద్రంలోంచి జెంటూ పెంగ్విన్లు ఏడెనిమిది వరసగా వచ్చాయి. నాకు ఎనిమిది గజాల దూరంలో మొదటిది ఆగింది. వెనకవన్నీ ఆగాయి. ముందున్నది ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితో చూసింది. వెనక ఇంకో అయిదారు చేరాయి. నన్ను చూడటానికే ఆగాయని మురిసిపోయాను. మా బస నడిపే ఆవిడ దూరం నుంచి నెమ్మదిగా అంది: “మీరు వాళ్ల దారిలో నిలబడ్డారు.” కిందికి చూస్తే నిజమే. తరతరాల పాదాలకు గడ్డి అరిగి, మన పొలం గట్టు మీది కాలిబాటలా సన్నటి దారి. రెండడుగులు పక్కకు జరిగాను. మొదటిది కదిలింది, మిగిలినవన్నీ దాని వెనకే గూళ్ల వైపు నడిచాయి. వాటి పొట్టల్లో పిల్లల తిండి ఉంది. నా ఫోటో కోసం ఆ పిల్లలు పది నిమిషాలు ఎక్కువ ఆకలితో ఉన్నాయి.

ఆ తరువాత రోజూ దారికి ఎడంగా ఒకేచోట కూర్చునే దాన్ని. అరగంట కదలకుండా ఉంటే మనం వాటికి రాయితో సమానం. ఒకనాడు ఒక జెంటూ వచ్చి నా బూటు తాడు పట్టి లాగింది, రుచి నచ్చలేదేమో వదిలేసి వెళ్లిపోయింది. ఆరు మీటర్ల నియమం మనకే, వాటికి లేదు.

ఇప్పుడు ఒక మార్పు వచ్చింది. 2023 చివర్లో హెచ్5ఎన్1 పక్షుల ఫ్లూ ఆ సముద్రాలకు చేరింది. అందుకే దక్షిణాన తిరిగే ఓడల వారు ఇప్పుడు యాత్రికులను నేల మీద కూర్చోనివ్వడం లేదు, సంచి కూడా కింద పెట్టనివ్వడం లేదు. దిగేముందూ ఎక్కేముందూ బూట్లు మందునీళ్లలో ముంచాలి. కాబట్టి నిలబడండి. నిలబడ్డా ఒకేచోట నిలబడండి.

మీ వ్యాసంలో ‘జెంటూ’ అన్న మాట చూసి ఉలిక్కిపడ్డాను. తెల్లదొరలు తెలుగును జెంటూ అనేవారు కదా. పెంగ్విన్‌కు ఆ పేరేమిటి?
– ఒక తెలుగు పండితులు, కాకినాడ

మాస్టారూ, ఈ ఉత్తరం కోసమే ఎదురు చూశాను! మీరన్నది నిజమే. మద్రాసులోని ఇంగ్లీషు వారు తెలుగు భాషను, తెలుగు మాట్లాడేవారిని జెంటూ అనే పిలిచేవారు. 1816లో అచ్చయిన ఎ. డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం పేరులోనే ‘సాధారణంగా జెంటూ అని పిలిచే’ అన్న మాట ఉంది. మూలం పోర్చుగీసు వారి ‘జెంతియో’, అంటే క్రైస్తవం తెలియని అన్యమతస్థుడు. పక్షికి ఆ పేరు ఎలా అంటుకుందన్నది ఇప్పటికీ తేలని తగువు. దాని నెత్తి మీద కంటి నుంచి కంటి వరకు తెల్లటి పట్టీ ఉంటుంది, అది తలపాగాలా కనిపించి నావికులు అలా పిలిచారని ఒక ఊహ. ఏమైతేనేం, మనకు పేరింటి వాళ్లే.

పేరు కలిసింది కానీ అలవాటు తిరగబడింది. మన ఇళ్లలో తల్లి ముద్ద పట్టుకుని పిల్లవాడి వెంట పరిగెడుతుంది. జెంటూలలో పిల్లలే తల్లి వెంట పరిగెడతాయి. సముద్రం నుంచి వచ్చిన తల్లో తండ్రో ఒక కూత కూసి వెనక్కి తిరిగి పరుగు అందుకుంటుంది. రెండు పిల్లలూ రెక్కలు చాచి, బురదలో బోర్లాపడి లేస్తూ, గుంపు మధ్యలోంచి తరుముతాయి. ఇరుగుపొరుగు ముక్కులతో పొడుస్తున్నా ఆగవు. చివరికి మిగిలిన దానికి ముందు ముద్ద. ఒకసారి చూశాక మా వారు “మన రెండోవాడికి ఇలా పెట్టాల్సింది” అన్నారు. వాడికిప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు.

మేము శాకాహారులం. పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లవచ్చా? బట్టల సంగతి కూడా చెప్పండి.
– ఒక గృహిణి, వరంగల్

తాజా పండ్లు, కూరగాయలు, పాల పదార్థాలు, మాంసం ముట్టుకోకండి. గింజ, మట్టి, పురుగు ఏదీ దీవిలోకి రాకూడదని వారి పట్టుదల. నేను సీలు వేసిన కందిపొడి తీసుకెళ్లి, కాగితం మీద రాసి, ముందే చూపించాను. అధికారి వాసన చూసి, తుమ్మి, తిరిగిచ్చాడు. దాచి దొరికిపోతే మాత్రం మర్యాద దక్కదు. బసల్లో ముందే చెబితే బంగాళదుంపలు, రొట్టె, గుడ్లు, కాయధాన్యాల సూపు పెడతారు. వారం రోజులు కందిపొడితో గడిచిపోయింది.

బట్టల్లో అసలు పని శుభ్రం చేయడం. ప్యాంటు మడతల్లో, జేబుల అడుగున, అతుక్కునే పట్టీల్లో, బూటు అడుగు గాళ్లలో టూత్‌పిక్‌తో గింజలు తీయాలి. ‘ఇంత చాదస్తమా’ అనకండి. మన పొలాల్లో నడిస్తే ఉత్తరేణి గింజలు చీర కుచ్చిళ్లకు ఎలా పట్టుకుంటాయో తెలుసు కదా. అక్కడా ఎసీనా అని ఒక మొక్క ఉంది, దాని ముళ్లకాయలు నా ఊలు సాక్సులకు అలాగే పట్టుకున్నాయి. ఒక దీవి గింజ ఇంకో దీవికి వెళ్లేది ఇలాంటి సాక్సుల మీదే.

జనవరి వారికి ఎండాకాలం. అయినా పదిహేను డిగ్రీలు దాటితే ఆ రోజు పండగ. గాలి ఆగదు. గాలి చల్లగా ఉంది కదా అని మోసపోవద్దు, ఎండ చర్మాన్ని మాడుస్తుంది. నా ముక్కు తొక్క ఊడింది.

మీలాంటి వారు వెళ్లి రాయడం, అది చదివి ఇంకో పదిమంది వెళ్లడం. ఆ పక్షులను ప్రశాంతంగా వదిలేయవచ్చు కదా!
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సగం ఒప్పుకుంటాను. మా ఇద్దరినీ అంత దూరం మోసిన విమానాలు కాల్చిన ఇంధనానికి నా దగ్గర సంజాయిషీ లేదు. మళ్లీ వెళ్లను కూడా.

రెండో సగం దగ్గర మాత్రం తగువు పడతాను. ఆ దీవులు ‘ప్రశాంతంగా వదిలేసిన’ దీవులు కావు. అక్కడ ‘వారా’ అనే నక్కలాంటి తోడేలు ఉండేది. మనిషంటే భయం తెలియదు. 1833లో, 34లో అక్కడికి వెళ్లిన చార్లెస్ డార్విన్, ఇది డోడో పక్షి దారి పడుతుందని రాశాడు. ఒక చేత్తో మాంసం ముక్క చూపి, దగ్గరికి రాగానే రెండో చేతి కత్తితో పొడిచేవారట. 1876 నాటికి ఒక్కటీ మిగలలేదు. అదే శతాబ్దంలో పెంగ్విన్లను లక్షల సంఖ్యలో ఇనుప కడాయిల్లో ఉడికించి నూనె తీశారు. అప్పుడు చూడటానికి వెళ్లినవారు ఎవరూ లేరు, తీసుకోవడానికి వెళ్లినవారే. ఇప్పుడు గొర్రెల ఉన్నితో పాటు చూసేవారి డబ్బు కూడా ఆ దీవుల్లో పొయ్యి వెలిగిస్తోంది. కాబట్టే బస నడిపే ఆవిడకు పెంగ్విన్ దారి ఎక్కడుందో తెలుసు.

ఇంకో సంగతి. 1982లో అర్జెంటీనాకు, బ్రిటన్‌కు జరిగిన యుద్ధంలో ఆ తీరాల్లో వేల మందుపాతరలు పూడ్చారు. మేము వెళ్లినప్పుడు స్టాన్లీ పక్కన యార్క్ బే చుట్టూ ఇంకా కంచె ఉంది, కంచె మీద పుర్రె బొమ్మ. లోపల తెల్లటి ఇసుక మీద పెంగ్విన్లు. మందుపాతర పేలేంత బరువు వాటికి ఉండదు. నలభై ఏళ్ల దాకా మనిషి అడుగు పడకుండా యుద్ధమే కాపలా కాసింది. 2020లో చివరి పాతరలూ తీసేశారు. ఆ పని చాలావరకు చేసింది జింబాబ్వే నుంచి వచ్చిన కార్మికులు. కంచె తీశాక మొదటి రోజే ఊరివాళ్లు ఆ ఇసుక మీదికి పరుగెత్తారు. అది చదివి మీలాగే నాకూ గుండె కలుక్కుమంది. కానీ మందుపాతరలు ఉండనివ్వమని అనగలమా?

మీ జిల్లాలోనే తేలినీలాపురం ఉంది. పెలికాన్లు, కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. రెట్టల కంపు భరిస్తూ కూడా, అవి రాకపోతే ఊరికి మంచిది కాదనుకునే జనం వాళ్లు. చూసేవారు వస్తున్నారని ఆ పక్షులు మానలేదు. మీరు మీ పిల్లలను తీసుకెళ్లే ఉంటారు. వెళ్లకపోతే ఈ ఏడాది తీసుకెళ్లండి.

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. కాన్పు సాయానికి వెళుతున్నాను. దగ్గర్లో పెంగ్విన్లు ఉన్నాయంటున్నాడు. చూడదగినవేనా?
– ఒక అమ్మమ్మ కాబోయే, కాదు నానమ్మ కాబోయే పాఠకురాలు, తెనాలి

శుభం. తప్పకుండా వెళ్లండి. ఫిలిప్ దీవి మెల్‌బోర్న్‌కు 140 కిలోమీటర్లు, వంతెన మీద కారులోనే వెళ్లవచ్చు. ప్రపంచంలో అన్నిటికంటే చిన్న పెంగ్విన్లు అవి. జానెడున్నర ఎత్తు, లీటరు పాల ప్యాకెట్టు బరువు. పొద్దుగూకగానే సముద్రంలోంచి గుంపుగా వచ్చి, నీటి అంచున కాసేపు తటపటాయించి, ఒక్కసారిగా ఇసుక దాటేస్తాయి. ఫోటోలు తీయనివ్వరు. కొడుకు ఫోను చేతిలో పట్టుకుని విసుక్కుంటే పట్టించుకోకండి. తిరిగి బయలుదేరేముందు కారు కింద ఒకసారి వంగి చూడమనండి, అక్కడ దూరి కూర్చునే అలవాటు వాటికి ఉంది.

ఆ చోటు నాకు ఇంకో కారణానికి ఇష్టం. గూళ్లున్న ఆ కొనమీద ఒకప్పుడు ఇళ్ల ప్లాట్లు వేశారు. 1985లో ప్రభుత్వం వాటన్నిటినీ కొనేయాలని నిర్ణయించి, ఒక్కొక్కటిగా కొని, ఇళ్లు తీసేసి, 2010 నాటికి నేలంతా పెంగ్విన్లకు తిరిగిచ్చింది. మన దగ్గర చెరువులో ప్లాట్లు వేయడం చూసిన కళ్లకు ఇది చదివితే కల లాగా ఉంటుంది.

ఆస్ట్రేలియా ఎండాకాలంలో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదికి దగ్గర. శాలువా, చెవులకు మఫ్లరు మరవకండి.

పెంగ్విన్లు కాక అక్కడ మీకు గుర్తుండిపోయిన జీవి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

ఏనుగు సీలు. మగది మూడు నాలుగు టన్నులు. మేము చూసినప్పుడు తోలు మారుస్తూ, పాత గోడ సున్నంలా పెచ్చులు రాలుతూ, బురదగుంటలో పదిహేను ఒకదానిమీద ఒకటి పడుకుని త్రేన్చుతున్నాయి. సముద్రానికి, దానికి మధ్య నిలబడకూడదని మొదటే హెచ్చరిస్తారు.

దానికంటే గుర్తుండిపోయింది కారాకారా. డేగల జాతి పక్షి, స్థానికులు జానీ రూక్ అంటారు. ప్రపంచంలో ఎంతో అరుదైనది, అక్కడ మాత్రం మన కాకిలా గెంతుతూ వెనకాలే వస్తుంది. నేను మంకీ క్యాప్ తీసి రాయి మీద పెట్టి తల దువ్వుకుంటున్నాను. రెక్కల చప్పుడు, అంతే. టోపీ గాల్లో ఉంది. మా వారు కర్ర ఎత్తి అరుస్తూ నాలుగడుగులు పరిగెత్తి ఆగారు. డార్విన్ ఓడవాళ్ల నల్లటి నిగనిగలాడే టోపీని కూడా ఈ పక్షులే మైలు దూరం మోసుకుపోయాయి. ఎర్రతోలు పెట్టెలో ఉన్న దిక్సూచిని ఎత్తుకుపోతే అది మళ్లీ దొరకలేదు. ఇది తెలిసి కూడా, పాఠం చెప్పిన దాన్నే అయినా, టోపీ రాయి మీద పెట్టాను.

పెంగ్విన్‌కు మోకాళ్లు ఉంటాయా టీచర్? మా అన్నయ్య లేవంటున్నాడు.
– నాలుగో తరగతి బాబు, ఖమ్మం

ఉంటాయి నాన్నా. తొడ ఎముక, మోకాలు, మోకాలి చిప్ప అన్నీ ఉన్నాయి. అవి పొట్ట తోలు లోపల, ఈకల కింద వంగి ఉంటాయి. బయటికి కనిపించేది పాదం, దాని పైన కొంచెం. అన్నయ్యను గొంతుకు కూర్చోబెట్టు. మోకాళ్లు పొట్టకు ఆనించమను. మెడ నుంచి మడమల దాకా అమ్మ పాత చీర బిగించి చుట్టు. ఇప్పుడు లేవకుండా వంటింటి దాకా నడవమను.